ఆక్సిజన్ పనికి గ్రీజు చేతులు పనికిరావు

ప్రశ్న: విమానంలో ఆక్సిజన్ మాస్కులు ఎలా పనిచేస్తాయోనని మా అమ్మాయి నెలల తరబడి చదువుతోంది. ఇప్పుడు మెయింటెనెన్స్ ఇంజినీర్ అవుతానంటోంది. మాకేమో ఏరోస్పేస్ డిగ్రీ చదివించాలని ఉంది. చేతులకు గ్రీజు పూసుకునే పని ఆడపిల్లకెందుకు? రెండింట్లో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: పోలిక తర్వాత చూద్దాం, ముందు ఆ గ్రీజు సంగతి తేలాలి. మెయింటెనెన్స్ గురించి అడిగే తల్లిదండ్రుల్లో చాలామంది బెంగ జీతం గురించి కాదు, "మెకానిక్" అనే మాట గురించి. మీ అమ్మాయికి నచ్చిన ఆక్సిజన్ పనినే తీసుకోండి. సిలిండర్ బిగించే చేతికి నూనె మరక కూడా ఉండకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే నూనె, గ్రీజు భగ్గుమంటాయి. అంత శుభ్రంగా చేయాల్సిన పని అది.

సిలిండర్ పైలట్లకు. ప్రయాణికుల తలపైన చాలా విమానాల్లో ఉండేది చిన్న డబ్బా. దాని నిండా సోడియం క్లోరేట్, కొంచెం ఇనుప పొడి. కేబిన్‌లో గాలి సుమారు 14,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచబడితే మూత తెరుచుకుని మాస్కులు వేలాడతాయి. మాస్కును ముఖం దగ్గరికి గుంజగానే దానికి కట్టిన తాడు పిన్నును లాగేస్తుంది. స్ప్రింగు సుత్తి చిన్న పేలుడు మందు బిళ్ల మీద పడుతుంది, లోపలి రసాయనం రాజుకుని ఆక్సిజన్ వదులుతుంది. ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. డబ్బా పైభాగం 200 డిగ్రీలు దాటి కాగుతుంది, కేబిన్‌లో కాలిన వాసన వస్తుంది. ఆ ఆక్సిజన్ సాధారణంగా 12 నుంచి 15 నిమిషాలు. ఆలోపే పైలట్లు విమానాన్ని 10,000 అడుగులకు దించేస్తారు.

ఇలాంటి డబ్బాల వల్లే 1996 మే 11న అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలల్లో వాల్యూజెట్ సంస్థ విమానం 592 కూలి 110 మంది చనిపోయారు. వేరే విమానాల నుంచి తీసిన పాత డబ్బాలకు రక్షణ మూతలు పెట్టలేదు. పెట్టినట్టు కాగితాల మీద మాత్రం సంతకాలున్నాయి. వాటిని అట్టపెట్టెల్లో సామాన్ల అరలోకి ఎక్కించారు, అక్కడే మంటలు లేచాయి. మీరు చిన్నచూపు చూస్తున్న ఉద్యోగంలో ఒక సంతకం విలువ అంత. "ఆడపిల్లకెందుకు" అన్న మాట ఆమె ముందు అన్నారా? అని ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. ఆ మాట మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇక ఏరోస్పేస్. ఆ పేరులోని మెరుపు మీద నాకు చాలాకాలంగా అనుమానమే. గణితం, డిజైన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు అది గొప్ప చదువు, కాదనను. కానీ విమానాన్ని తాకాలని అందులో చేరి, నాలుగేళ్లూ కంప్యూటర్ తెర ముందు గడిపి, చివరకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి నా దగ్గరికొచ్చి బాధపడిన పిల్లలు ఎందరో. పైగా ఆ డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే, "ఈ విమానం ఎగరొచ్చు" అని సంతకం చేసే హక్కు రాదు. దానికి లైసెన్స్ కావాలి: పరీక్షలు, ఆపైన ఏళ్ల తరబడి విమానం మీద పని. చాలా దేశాల్లో ఇంజిన్, మెకానికల్ వైపు బీ1, ఎలక్ట్రానిక్స్ వైపు బీ2. రాత్రి షిఫ్టులు ఉంటాయి, అది దాచను. మెయింటెనెన్స్ కోర్సుకు విమానయాన నియంత్రణ సంస్థ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టొద్దు.

ఇదంతా చదివాక, పొరపాటు చేస్తే ఏమవుతుందోనన్న భయం మీకు రావచ్చు. ప్రతి పనికీ వరుసగా అడుగులు రాసిన కార్డు ఉంటుంది, తప్పు జరిగితే ప్రాణాల మీదికి వచ్చే పనులను రెండో మనిషి మళ్లీ తనిఖీ చేస్తారు. ఆమెను ఒంటరిగా వదిలేయరు. డిగ్రీ కావాలనిపిస్తే తర్వాతైనా చదువుకోవచ్చు.

ఈ రాత్రి ఆమె పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: మాస్కు కింది సంచీ ఉబ్బకపోయినా ఆక్సిజన్ ఎలా అందుతుందమ్మా? పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి.