స్కీమాకు ముందు చెట్లు గీయి

గుంటూరు

చిరంజీవి పెద్దోడికి ఆశీస్సులు.

మిర్చి యార్డు చీటీలను కంప్యూటరులో ఎక్స్‌ఎంఎల్ రూపంలో పెట్టడానికి స్కీమా, అంటే చీటీలో ఏమేం ఎలా ఉండాలో చెప్పే నియమావళి, రాయాలన్నావుగా. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక పేరున్న భాగం (ఎలిమెంట్) లోపల ఇంకొన్ని భాగాలుంటాయి కనుక ప్రతి చీటీ ఒక చెట్టే. ముందు కాగితం తీసుకుని సరైన చీటీలు పది, తప్పుడువి పది, చెట్లుగా గీయి. స్కీమా అంటే నువ్వు ఒప్పుకునే చెట్ల సమితి, టైపన్నా (ఒక ఎలిమెంట్‌లో ఏముండొచ్చో చెప్పే నిర్వచనం) అంతే. ఏవి లోపల, ఏవి బయటో తేలకపోతే రాసేదానికి అర్థం లేదు.

'లాట్' అనే ఎలిమెంట్ సంగతే చూడు. గేటు చీటీలో దానికి బస్తాల లెక్క చాలు, కాటా చీటీలో తూకం, ధర కూడా కావాలి. డీటీడీ అనే పాత స్కీమా భాషలో ఒక పేరుకు ఒకే నిర్వచనం. రెంటికీ సరిపోవాలని వదులుగా రాస్తావు, ధర లేని కాటా చీటీ దర్జాగా దాటిపోతుంది. 2001లో వచ్చిన 'ఎక్స్‌ఎంఎల్ స్కీమా' అనే భాషలో తల్లి ఎలిమెంట్‌ను (దాన్ని లోపల పెట్టుకున్నదాన్ని) బట్టి టైపు మార్చుకోవచ్చు. ఒకే తల్లి కింద మాత్రం ఒకే పేరుకు రెండు టైపులు ప్రకటించనివ్వదు. అది నిజంగా అవసరమైతే రిలాక్స్ ఎన్‌జీ అనే మరో స్కీమా భాషకు వెళ్లు. నన్నడిగితే చదవడానికీ అదే హాయి.

'(బస్తాలు, తూకం) లేదా (బస్తాలు, ధర)' అని రాశావో, ఎక్స్‌ఎంఎల్ స్కీమా తిప్పికొడుతుంది. బస్తాలు కనిపించగానే, తర్వాతేముందో చూడకుండానే, అది ఏ కొమ్మదో తేలాలి దానికి. 'బస్తాలు, (తూకం లేదా ధర)' అని ఉమ్మడిది బయటికి లాగు. ఈ చిట్కా అన్నిచోట్లా పారదు. ఏ, బీ ఎన్నిసార్లయినా రావచ్చు, చివరి నుంచి రెండోది మాత్రం ఏ కావాలి అనే నియమాన్ని నక్షత్రం (ఎన్నిసార్లయినా), 'లేదా' గుర్తులతో ఎలా తిప్పినా ఆ పద్ధతిలో ఇమడదని బ్రూగెమన్-క్లైన్, వుడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు నిరూపించారు. దానితో కుస్తీ పట్టకు, ఆ తనిఖీ ప్రోగ్రాములో పెట్టుకో.

334 అన్నది మిర్చి రకం పేరు, అంకె కాదు, స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) ఉంచు. లాట్ నంబరూ అంతే. ఇంటీజర్ (పూర్ణసంఖ్య) పెడితే 0072, 72 ఒకే విలువ, ఒక విలువ రెండుసార్లు రాకూడదనే 'కీ' నియమం వాటిని నకలు అంటుంది. తూకానికి డెసిమల్ (దశాంశ సంఖ్య) పెట్టు, ఫ్లోట్ వద్దు, అది బైనరీలో దాచుకుంటుంది: 0.1కి బైనరీలో కచ్చితమైన రూపం లేదు. ఇంకోటి, ప్యాటర్న్ (అక్షరాల నమూనా) నియమం రాసిన అక్షరాలను చూస్తుంది, కనిష్ఠ పరిమితి విలువను చూస్తుంది. 45.20 రూపాయి లెక్కలాగా రెండు దశాంశాలతోనే రావాలంటే ప్యాటర్నే దిక్కు.

రెండో వెర్షన్ వచ్చినప్పుడు, పాత సమితి కొత్తదానిలో ఇమిడిందా అన్నదే ప్రశ్న. ఐచ్ఛికంగా 'తేమ' కలిపితే ఇముడుతుంది. తప్పనిసరి చేస్తే పాత చీటీలన్నీ బయటపడతాయి. ఆ ఇరవై చెట్లను పారేయకు, ప్రతి మార్పు తర్వాత వాటినే మళ్లీ నడుపు.

మీ బాబాయి