వెయ్యి రూపాయలు కాదు, వాళ్లకు కావలసింది నీ సంతకం

చిరంజీవి బాబుకు పిన్ని ఆశీస్సులు.

నీ ఇంజనీరింగ్ చదువు అప్పు గురించి విజయవాడలో నీ ఇంటికి బ్యాంకు తరఫున మనిషి వచ్చాడని, ప్రస్తుతానికి వెయ్యి రూపాయలు కట్టి ఒక కాగితం మీద సంతకం పెడితే చాలన్నాడని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వెయ్యి రూపాయల కోసం ఎవరూ ఎండలో పటమట దాకా రారు. నేనూ బ్యాంకులో అప్పుల ఫైళ్లు చూసినదాన్నే. ఏ ఫైలుకు దావా వేసే గడువు ఎప్పుడు తీరుతుందో జాబితా వేసుకుని, ఆలోగా ‘రివైవల్ లెటర్’, అంటే బాకీ ఉన్నానని ఒప్పుకునే కాగితం, ఇచ్చి మనుషులను ఇళ్లకు పంపేవాళ్లం. అచ్చు వేసిన కాగితం, అప్పు మొత్తం దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ, కింద రెవెన్యూ స్టాంపు. చదివి సంతకం పెట్టినవాళ్లు బహు తక్కువ.

గుంటూరులో ప్రోనోటు మీద అప్పిచ్చే వాళ్లెవరిని అడిగినా నోటుకు మూడేళ్లని ఠక్కున చెబుతారు. ఆలోగా వెనక చెల్లు రాయించుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. లేకపోతే కాలదోషం పడుతుంది, అంటే దావా వేసే గడువు దాటిపోతుంది. ఆస్తి హామీ లేని బ్యాంకు అప్పుకూ 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్లే. గడువు దాటాక దావా వేస్తే, నువ్వు ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టివేయాలని ఆ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. అలాగని సమన్లు వస్తే ఇంట్లో కూర్చోకు. నువ్వు వెళ్లకపోతే బ్యాంకు చూపిన తేదీలే న్యాయమూర్తి ముందుంటాయి.

అసలు చిక్కంతా ఆ మూడేళ్లు ఎప్పుడు మొదలయ్యాయన్న దగ్గరే. చివరి కిస్తీ కట్టిన రోజు నుంచి అని అందరూ అనుకుంటారు. మామూలుగా ఏ కిస్తీ గడువు ఆ కిస్తీదే. ఒక కిస్తీ తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలనే షరతు ఉండి, బ్యాంకు దాన్ని వాడుకుంటే లెక్క మారుతుంది. చదువు అప్పు తీర్చడానికి పదిహేనేళ్ల వరకు కూడా ఇస్తారు కాబట్టి, పాత అప్పులోనూ కొన్ని కిస్తీలు బతికి ఉండవచ్చు. దానికితోడు కరోనా ఒకటి. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి మినహాయించింది. కనుక వేళ్ల మీద లెక్కపెట్టుకుని ధీమాగా ఉండకు.

ఇక సంతకం సంగతి. గడువు లోపల బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు నీ చేతిరాతో సంతకమో ఉన్నా అంతే. గడువు దాటాక ఈ రెండూ పనిచేయవు. కానీ ‘ఈ బాకీ తీరుస్తాను’ అని రాతలో మాట ఇచ్చి సంతకం పెట్టావో, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందం. చచ్చిన బాకీ లేచి కూర్చుంటుంది. గడువు లోపలైతే ‘ఉద్యోగం లేదు, ఇప్పుడు కట్టలేను’ అన్న ఉత్తరం కూడా బాకీ ఒప్పుకున్నట్టే కావచ్చు. ఈమెయిల్, వాట్సాప్‌లనూ కోర్టు ముందు పెడతారు. నీకు వాట్సాప్‌లో బారెడు సంజాయిషీలు రాసే అలవాటుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ముందు బ్యాంకుకు ఒక ఉత్తరం రాయి. అందులో ‘నా అప్పు’ అనే మాట రాకూడదు. ‘ఫలానా ఖాతాలో బాకీ ఉందని మీ ప్రతినిధి చెబుతున్నారు. నేను దేన్నీ ఒప్పుకోవడం లేదు. పూర్తి స్టేట్‌మెంటు, నా సంతకం ఉన్నాయంటున్న పత్రాల నకళ్లు పంపండి’ అని రాసి స్పీడ్ పోస్టులో పంపు, రసీదు దాచుకో. తర్వాత ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో నీ పేరు, మీ నాన్న పేరు పెట్టి విజయవాడ, గుంటూరు కోర్టులు వెతుకు. ఎప్పుడో దావా పడి, సమన్లు పాత అద్దె ఇంటికి పోయి, నువ్వు లేకుండానే డిక్రీ, అంటే కోర్టు తీర్పు, అయి ఉంటే మూడేళ్ల మాట మరిచిపో. డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి నీకుండేది ముప్పై రోజులే. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. అంటే తెలిసిన మరునాడే వకీలు దగ్గర ఉండాలి. పొలం దస్తావేజులు కుదువ పెట్టి ఉంటే దావాకూ పన్నెండేళ్లే. పెట్టలేదని మీ అమ్మ అంటోంది, అయినా నకళ్లలో చూసుకో.

లోక్ అదాలత్ నోటీసు వస్తే బెంబేలు పడకు. వెళ్లి విను. నచ్చకపోతే రాజీ పడకుండా తిరిగి రావచ్చు. ఒప్పుకుని సంతకం పెడితే మాత్రం అది డిక్రీతో సమానం, అప్పీలు కూడా ఉండదు.

‘విద్యార్థి అప్పుకు గడువే ఉండదు’ అని డాలస్ నుంచి మీ అక్క భయపెట్టిందట. అది అక్కడి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, అప్పుల సంగతి. వాటికి 1991లో వాళ్ల పార్లమెంటు (కాంగ్రెస్) గడువు ఎత్తేసింది. అక్కడైనా ప్రైవేటు అప్పులకు రాష్ట్రానికో గడువుంది. మీ అక్క సగం చదివి ఫోను చేస్తుంది.

గడువు దాటితే అప్పు లేకుండా పోదు. కోర్టు దారి మూసుకుపోతుంది, అంతే. రేపు ఇంటి అప్పుకు వెళ్తే నీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో అది కనబడవచ్చు. ఆ డబ్బుతో చదివావు కాబట్టి అసలు తీర్చాలనే నేనంటాను. పేరుకుపోయిన వడ్డీ దగ్గర బేరమాడు. గడువు సంగతి తెలిసినవాడితో బ్యాంకు వేరేగా మాట్లాడుతుంది. రాజీ మొత్తం ఎంతో బ్యాంకు లెటర్‌హెడ్ మీద వచ్చాకే కట్టు. కట్టేది అప్పు ఖాతాలోకే, వచ్చినవాడి ఫోను నంబరుకు కాదు. ఆ రిపోర్టులో ‘సెటిల్డ్’ (రాజీతో తీరింది) అని పడుతుందో ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని పడుతుందో కట్టకముందే అడుగు.

ఇంకొకటి. ఆ అప్పులో మీ నాన్న కూడా సహ రుణగ్రహీత. ఆయన సంతకం పెడితే ఆ ఒక్క సంతకంతో నీ గడువు పెరగదు గానీ ఆయన మాత్రం ఇరుక్కుంటారు. నీ దగ్గర పని కాకపోతే ఆ మనిషి తర్వాత వెళ్లేది తెనాలికే. మీ నాన్న సంగతి నీకు తెలుసు కదా, ఇంటికొచ్చినవాడికి కాఫీ ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టే రకం. ఈ రాత్రే ఫోను చెయ్యి.

మీ పిన్ని