నడుము తిప్పాలి సరే, ఎప్పుడు తిప్పాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టెన్నిస్ సర్వ్ గురించే, అందులోనూ ఒళ్లు తిప్పి కొట్టడం గురించే. అందుకని ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగతావాళ్లు కూడా దాన్ని చదివాకే తమ జవాబు చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, నాకు 44 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఆఫీసర్స్ క్లబ్బులో డబుల్స్ ఆడతాను. కుడిచేతి వాటం. నా సర్వ్ మెత్తగా ఉంటుందని అవతలివాళ్లు రెండడుగులు ముందుకొచ్చి మరీ నిలబడతారు. పాత చాంపియన్ పీట్ సాంప్రాస్ వీడియోలు చూసి, వీపు బాగా తిప్పి సర్వ్ చేయడం మొదలుపెట్టాను. స్పీడ్ పెరగలేదు సరికదా, బంతి అయితే నెట్‌కి కొడుతోంది, లేకపోతే ఎడమవైపు బయటికి పోతోంది. రెండు నెలలుగా కుడి భుజం కూడా నొప్పి. మా మార్కర్ (క్లబ్బులో ఆట నేర్పే అతను) ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు సార్, పాత పద్ధతిలోనే కొట్టండి’ అంటున్నాడు. మానేయమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మానేయొద్దండీ. కానీ ముందు భుజం సంగతి. రెండు నెలల నొప్పిని ఉత్తరం చదివి తేల్చేయకూడదు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కో, ఆటగాళ్లని చూసే ఫిజియోకో చూపించండి. వాళ్లు సరేననేదాకా సర్వ్ కొట్టకండి. కింద రాసినవాటిలో సగం బంతి లేకుండానే చేయొచ్చు, కాబట్టి ఈలోపు ఖాళీగా ఉండక్కర్లేదు.

ఇక సర్వ్. నెట్‌కి కొట్టడం, ఎడమవైపు పోవడం రెండు తప్పులనుకుంటున్నారు మీరు. రెండిటికీ మూలం ఒకటే. మీ ఒళ్లు తిరుగుతోంది, కానీ బంతి దగ్గరికి రాకెట్ రాకముందే మళ్లీ వెనక్కి తిరిగిపోతోంది. ఛాతీ ముందుగానే నెట్ వైపు తెరుచుకుంటే చెయ్యి వెనకబడుతుంది. అప్పుడు రాకెట్ పైకి వెళ్లాల్సింది పోయి, ఒంటికి అడ్డంగా ఎడమకి లాగేస్తుంది. దాంతో పాటు తల కిందికి వాలితే బంతి నెట్‌లోకి, వాలకపోతే ఎడమ పక్కకి. వెనకబడిన చేతిని అందుకోవడానికి భుజం ఒక్కటే గుంజుకోవాలి. మీ నొప్పికి కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

సాంప్రాస్‌నే చూడండి, తప్పు లేదు. 6 అడుగుల 1 అంగుళం మనిషి, అంటే ఇప్పటి సర్వర్లతో పోలిస్తే పెద్ద పొడగరి కాదు. ఆ సర్వ్‌తోనే వింబుల్డన్ ఏడుసార్లు గెలిచాడు, మొత్తం 14 గ్రాండ్‌స్లామ్‌లు. మొదట్లో ముందు పాదం వేళ్లు పైకి లేపి, బరువంతా వెనక కాలి మీదికి తీసుకుంటాడు. తర్వాత భుజాలు ఎంత తిరుగుతాయంటే అవతల నిలబడ్డవాడికి అతని వీపు కనిపిస్తుంది. బంతి ఎటు పోతుందో చివరిదాకా తెలియకపోవడానికి అదొక కారణం. అందరూ ఆ వీపునే చూసి అదే తిప్పుతారు. నడుము కింద ఏం జరుగుతోందో చూడరు. ఈసారి వీడియోని మెల్లగా నడిపి అతని తుంటి మీదే కన్నుంచండి. భుజాలు తిరిగినంత తుంటి తిరగదు. తడి పంచె పిండేటప్పుడు ఒక చెయ్యి బిగించి పట్టుకుంటేనే రెండో చెయ్యి మెలి వేయగలదు, రెండు చేతులూ ఒకే వైపు తిప్పితే చుక్క నీరు రాదు. తుంటి, భుజాల సంగతి కూడా అంతే. రెండిటికీ మధ్య తేడా ఉంటేనే పొట్ట, నడుము కండరాలు సాగి బిగుస్తాయి. కోచ్‌లు కాయిల్ అనేది ఆ బిగువునే. మొత్తం మనిషి గుండ్రంగా తిరిగితే అది చుట్టూ తిరగడమే, మెలి కాదు.

ఆ మెలి విప్పుకోవడానికి ఒక వరస ఉంది. ముందు కాళ్లు నేలని తన్నాలి, తర్వాత తుంటి, తర్వాత భుజాలు, ఆ తర్వాత చెయ్యి, ఆఖరున రాకెట్. సర్వ్‌లో పుట్టే శక్తిలో దాదాపు సగం కాళ్లు, నడుము నుంచే వస్తుందని ఆటగాళ్ల కదలికల మీద పరిశోధించినవాళ్లు లెక్కగట్టారు. ఆ సగం అందకపోతే దాన్ని పూడ్చాల్సింది భుజమే. అందుకే మీ మార్కర్ మాటతో నేను ఏకీభవించను. ఒళ్లు సరిగ్గా తిప్పడం అనేది 20 ఏళ్ల కుర్రాడికంటే 44 ఏళ్ల భుజానికే ఎక్కువ అవసరం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు వీపు ‘తిప్పుతున్నాను’ అని రాశారు. దాన్ని విడిగా తిప్పాల్సిన పని లేదు. టాస్ వేసే, అంటే బంతిని పైకి వేసే ఎడమ చెయ్యి దాన్ని తిప్పి పెడుతుంది. క్లబ్బుల్లో నేను చూసే వాళ్లలో ఎక్కువమంది ఎడమ చేతిని నేరుగా నెట్ వైపు చాపి బంతి వేస్తారు. చెయ్యి అటు పోతే భుజాలు ఇటు తిరగలేవు. అప్పుడు బంతి గాల్లో ఉండగా గుర్తొచ్చి, గబుక్కున వీపు తిప్పి, అంతే గబుక్కున వెనక్కి వస్తారు. మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ఇలా చేయండి. ఎడమ పాదం కుడివైపు నెట్ స్తంభాన్ని చూస్తూ ఉండాలి. కుడి పాదం బేస్‌లైన్‌కి (కోర్టు చివరి గీతకి) సమాంతరంగా పెట్టి, ఎడమ మడమ వెనక్కి నాలుగు వేళ్ల మందం జరపండి. దీంతోనే తుంటి కొంచెం మూసుకుంటుంది. రెండు చేతులూ ఎడమ తొడ దగ్గర మొదలవ్వాలి. అక్కణ్నుంచి ఎడమ చేతిని నెట్ వైపు కాకుండా బేస్‌లైన్ వెంబడి, కుడి స్తంభం వైపుగా లేపండి. మోచెయ్యి వంచొద్దు. చెయ్యి కంటి ఎత్తు దాటాకే బంతి వదలండి. బంతి మాత్రం ఒక చిన్న వంపు తీసుకుని కోర్టు లోపలికే వస్తుంది. దాన్ని కొట్టకుండా వదిలేస్తే బేస్‌లైన్‌కి అడుగు ముందు, ఎడమ పాదానికి కాస్త కుడిగా పడాలి. చెయ్యి అలా లేస్తున్నంతసేపూ భుజాలు వాటంతటవే మూసుకుంటాయి, ఎడమ భుజం పైకి, కుడి భుజం కిందికి వస్తాయి. అదే సమయంలో మోకాళ్లు వంగుతాయి. ఎంత తిరిగిందో మీకు తెలియదు కాబట్టి అవతల పక్క మీ స్నేహితుణ్ని నిలబెట్టి, ‘నా చొక్కా వెనక సగమైనా కనిపిస్తోందా?’ అని అడగండి. సగం కనిపిస్తే చాలు. మొత్తం కనిపించాలని పట్టు పట్టకండి, ఆ వంగుడు మన నడుముకి అక్కర్లేదు.

రెండో సగం కూడా ఎడమ చేతిదే. బంతి వదిలాక ఆ చేతిని పైనే ఉంచండి. వెంటనే కిందికి దింపితే ఛాతీ తెరుచుకుంటుంది. కాళ్లతో తన్నుతున్నప్పుడు దాన్ని మడిచి పొట్టకి ఆనించండి. వెనక్కి విసిరేయకండి. చెయ్యి పొట్టకి ఆనినప్పుడు ఒళ్లు తిరగడం ఒక క్షణం ఆగినట్టవుతుంది, ఆ బలమంతా కుడి చేతిలోకి పోతుంది. బంతి తగిలేటప్పుడు కుడి భుజం ఎడమ భుజానికి సరిగ్గా పైన ఉండాలి, గడ్డం పైకే ఉండాలి. బంతి వెళ్లిపోయాక కూడా అది తగిలిన చోటునే చూస్తూ ఉండండి.

ఒక్కమాట, గ్రిప్ (రాకెట్ పట్టుకునే తీరు) కూడా చూసుకోండి. ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో సర్వ్ చేస్తున్నట్టయితే పైన రాసినదంతా వృథా. ఆ గ్రిప్‌తో పక్కకి తిరిగి నిలబడితే రాకెట్ ముఖం బంతికి ఎదురు రాదు, ఎదురు రావడానికి ఒళ్లు తెరుచుకోవాల్సిందే. సుత్తి పట్టుకున్నట్టు పట్టుకునే కాంటినెంటల్ గ్రిప్‌కి మారండి. మొదట్లో బంతులు ఎటుపడితే అటు పోతాయి. ఓపిక పట్టండి.

డాక్టర్ సరేనన్నాక మొదటి వారం రాకెట్ లేకుండా, క్రికెట్‌లో బౌండరీ నుంచి కీపర్‌కి విసిరినట్టు పాత టెన్నిస్ బంతులు బేస్‌లైన్ నుంచి అవతలి కోర్టులోకి మెల్లగా విసరండి. మన వాళ్లలో చిన్నప్పుడు క్రికెట్ ఆడనివాళ్లు తక్కువ, ఒళ్లు తిప్పి విసరడం ఒంటికి తెలుసు. తర్వాత సర్వీస్ లైన్ (నెట్‌కి, బేస్‌లైన్‌కి మధ్యనుండే గీత) దగ్గర నిలబడి సగం బలంతో సర్వ్ చేయండి. బేస్‌లైన్‌కి ఆఖరున వెళ్లండి. మ్యాచ్‌లో మాత్రం ఈలోగా పాత సర్వ్‌నే వాడుకోండి, పార్ట్‌నర్‌తో గొడవలొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. అకాడమీలో సర్వ్‌కి పవర్ రావాలని నడుముని విల్లులా వెనక్కి వంచమంటున్నారు. బాగానే కొడుతోంది. కానీ ఈమధ్య నడుం కింది భాగంలో, ఎడమ పక్క నొప్పి అంటోంది. వెనక్కి వంగితే ఎక్కువట. పెరిగే వయసు, పోతుందిలే అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ఈ వారమే డాక్టర్‌కి చూపించండి. భయపెట్టాలని కాదు. పెరిగే పిల్లల్లో నడుం వెనక్కి వంచుతూ మెలి తిప్పే పని పదేపదే చేస్తే, వెన్నుపూస వెనక భాగంలో సన్నని పగులు వచ్చే అవకాశం ఉంది. టెన్నిస్‌లోనూ, క్రికెట్ ఫాస్ట్ బౌలింగ్‌లోనూ ఇది తెలిసిన సమస్యే. ఒక పక్కనే నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువ అవడం అన్న రెండూ మీ ఉత్తరంలో ఉన్నాయి. ముందుగా పట్టుకుంటే విశ్రాంతితో మానుతుంది. చూపించేదాకా సర్వ్ ఆపించండి.

తిరిగి మొదలుపెట్టాక కోచ్‌తో మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పండి: పాపకి పవర్ వెనక్కి వంగడంలోంచి కాదు, పక్కకి తిరగడంలోంచి రావాలి. పైన కాకినాడ వారికి రాసిన టాస్ ఆమెకీ పనికొస్తుంది. చూడటానికి విల్లులాగే కనిపిస్తుంది కానీ, ఆ వంపు వెన్నులో ఒక్కచోట పడకూడదు. తుంటి కోర్టులోకి కొంచెం జరగడం, భుజాలు తిరగడం, మోకాళ్లు వంగడం కలిపితే వచ్చే వంపు అది. పసుపు బంతి బదులు కొన్నాళ్లు ఆకుపచ్చ చుక్క బంతితో సర్వ్ చేయించండి. దాని వేగం 25 శాతం తక్కువ, పాప బలవంతంగా ఒళ్లు విరుచుకోనక్కర్లేదు.

2005లో సానియా మీర్జా హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచిన తర్వాత నా దగ్గరికి వచ్చిన పిల్లలందరికీ ఫోర్‌హ్యాండే కావాలి. తల్లిదండ్రులకీ అదే. గంట క్లాసులో సర్వ్‌కి ఆఖరి పది నిమిషాలు మిగిలేవి, అప్పటికి పిల్లలు అలిసిపోయి ఉంటారు. అలిసిన ఒంటితో నేర్చుకున్న సర్వ్‌లో కాళ్లు ఉండవు, నడుమే ఉంటుంది. మీ అకాడమీలో సర్వ్ క్లాసు మొదట్లో పెట్టమని అడగండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. పొట్టివాళ్లకి సర్వ్ రాదు, ర్యాలీల మీదే ఆధారపడమని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: సగం నిజం. లెక్క వేసి చూద్దాం. బేస్‌లైన్ నుంచి నెట్‌కి 11.89 మీటర్లు, నెట్ నుంచి సర్వీస్ లైన్‌కి 6.40 మీటర్లు, నెట్ మధ్యలో ఎత్తు 0.914 మీటర్లు. బంతిని గీత గీసినట్టు నేరుగా కిందికి కొట్టి సర్వీస్ బాక్సులో (నెట్‌కి, సర్వీస్ లైన్‌కి మధ్య చోట్లో) వేయాలంటే అది కనీసం 2.61 మీటర్ల ఎత్తులో తగలాలి. నువ్వు చెయ్యి చాపి కాస్త ఎగిరినా 2.4, 2.5 దగ్గరే అందుతుంది. కాబట్టి కిందికి కొట్టడం నీకు కుదరదు. పైకి కొట్టి, స్పిన్‌తో కిందికి దింపాలి. సీనియర్లు ఈ రెండో మాట చెప్పలేదు.

స్పిన్ రావాలంటే ఒళ్లు పక్కకి ఉండాలి. ఫ్లాట్ సర్వ్‌లో (స్పిన్ లేకుండా నేరుగా కొట్టేది) కంటే స్లైస్‌లో (పక్కకి వంపు తిరిగేది) ఎక్కువసేపు, స్లైస్ కంటే కిక్ సర్వ్‌లో (పడ్డాక ఎత్తుగా లేచేది) ఇంకా ఎక్కువసేపు భుజాలు మూసి ఉంచాలి. ఛాతీ తెరుచుకుంటే రాకెట్ బంతిని రుద్దదు, గుద్దుతుంది. ముందు స్లైస్ నేర్చుకో. కుడి పక్క నుంచి సర్వ్ చేసేటప్పుడు బంతిని బయటి గీత వైపు వంపు తిప్పితే, నువ్వు కుడిచేతి వాటం అయితే, అవతలి అమ్మాయి కోర్టు బయటికి పరుగెత్తాలి. ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఆష్లీ బార్టీ ఎత్తు 166 సెంటీమీటర్లు, నీకంటే రెండంగుళాల పైన, అంతే. 2021 వింబుల్డన్, 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఆమె సర్వ్‌లో టాస్ దగ్గర్నుంచి భుజాలు ఎంతసేపు మూసి ఉన్నాయో చూడు. పొడుగు లేదన్న దిగులు సగం అక్కడే పోతుంది.

ప్రశ్న: డాలస్‌లో యూఎస్‌టీఏ (అమెరికా టెన్నిస్ సంఘం) లీగ్‌లో 3.5 లెవెల్, అంటే మధ్యస్థాయి ఆడుతున్నాను. వెనక కాలు ముందుకి తెచ్చి సర్వ్ చేయాలా, రెండు కాళ్లూ ఉన్నచోటే ఉంచాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.
– ఒక ఐటీ ఉద్యోగి

జవాబు: ఫెదరర్ కాళ్లు కదిపేవాడు కాదు, నడాల్ వెనక కాలు తెచ్చేవాడు. రెండూ సరైనవే. మీ లెవెల్‌లో మాత్రం కదపకపోవడమే మేలంటాను. వెనక కాలు ముందుకొచ్చేటప్పుడు ఎక్కువమందికి అది ఎడమ పాదం పక్కనుంచి దాటి కుడివైపు పోతుంది. దాంతో తుంటి తెరుచుకుని, అప్పటిదాకా వేసిన మెలి అంతా పోతుంది. పైగా ఫుట్ ఫాల్ట్ (కొట్టేలోపే పాదం గీతని తాకడం) భయం. ఫోన్‌ని మీ వెనక కంచెకి కట్టి కొన్ని సర్వ్‌లు రికార్డ్ చేసి చూసుకోండి. కొట్టే క్షణానికి కుడి పాదం ఎడమ మడమ వెనకే ఉంటే మీ పద్ధతి మార్చక్కర్లేదు. దాటి కనిపిస్తే రేపట్నుంచే ఆపేయండి.