స్క్రూ బయటికి తీసి చూడు

అమ్మలూ,

సింగిల్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ మీదే, అదే ప్లాస్టిక్ గింజల్ని కరిగించి ఒక్క స్క్రూతో ముందుకు తోసే మెషీన్ మీదే, రెండు పాలిమర్లు (రెండు రకాల ప్లాస్టిక్) కలిపి సరుకు తీస్తానని పట్టుబట్టావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ట్విన్ స్క్రూ ఉన్నవాళ్లే తల పట్టుకునే పని అది. గర్వంగానే ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

అన్నిటికన్నా ముందు ఒకటి. మెషీన్ స్టార్ట్ చేసేటప్పుడు డైకి, అంటే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతికి, ఎదురుగా నిలబడకు. లోపల ప్రెషర్ ఎంత పేరుకుందో కంటికి కనబడదు. ముసలాయన చాదస్తం అని నవ్వుకో, పక్కకే నిలబడు.

గింజలు, పొడి కలిపి పోస్తే పైన సరుకు పోసే హాపర్లోనే విడిపోతాయి. నైలాన్ అయితే ఆరబెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియంది నా తెలివితక్కువ పని. కొత్తలో కరిగితే పల్చగా పారే గ్రేడ్ పాలీఎథిలిన్‌లో బాగా చిక్కటిది కలిపి ఫిల్మ్ తీస్తున్నాం. ఫిల్మ్ నిండా ఆవగింజంత గడ్డలు. కరగలేదనుకుని వేడి పది డిగ్రీలు పెంచాను. తగ్గలేదు. ఇంకో పది పెంచాను, ఆర్‌పీఎం కూడా పెంచాను. గడ్డలు ఇంకా పెద్దవయ్యాయి. మూడు రోజుల సరుకు స్క్రాప్‌లోకి పోయింది.

మా సూపర్‌వైజర్ ఒక్క మాట అనలేదు. హాపర్లో గుప్పెడు నల్ల గింజలు వేయించి, కాసేపు నడిపి, ఉన్నట్టుండి మెషీన్ ఆపించాడు. బ్యారెల్ (స్క్రూ తిరిగే గొట్టం) చల్లార్చి స్క్రూని ప్లాస్టిక్‌తో సహా బయటికి తోయించాడు. గాడిలో చుట్టుకున్నదాన్ని రిబ్బన్‌లా విప్పి, రంపంతో కోసి, ఒక్కో ముక్కా నా చేతిలో పెట్టాడు. మొదటి ముక్కల్లో నెట్టే రెక్క పక్కన కరిగిన ముద్ద, అవతల కుప్పగా గింజలు. అది మామూలే. కానీ మీటరింగ్ భాగం, అంటే స్క్రూ చివరి భాగం ముక్కలో కూడా గింజ గింజగానే ఉంది! నల్లరంగు చారలు చారలుగా, విడివిడిగా.

స్పీడు పెంచి కరిగే టైమ్ తగ్గించాను. వేడి పెంచి పల్చటిదాన్ని ఇంకా నీళ్లలా చేశాను. నీళ్లలో బంకమట్టి ముద్ద వేసి కర్రతో తిప్పితే ముద్ద నలుగుతుందా? లోపలి బొట్టు చుట్టూ ఉన్నదానికన్నా సుమారు నాలుగు రెట్లకు మించి చిక్కగా ఉంటే, ఒట్టి షియర్‌కి, అంటే పొర మీద పొర జారే రాపిడికి, తెగదమ్మా, అక్కడే గుండ్రంగా తిరుగుతుంది. సాగదీస్తేనే తెగుతుంది.

అందుకే చిక్కదనం దగ్గరగా ఉన్న గ్రేడ్లు ఎంచుకో. కరగడం పూర్తయ్యాక మీటరింగ్ జోన్ వేడి కాస్త తగ్గించి చూడు. గడ్డలు నలగాలంటే స్క్రూ మీద సన్నటి సందులోంచి తోసే మ్యాడాక్ మిక్సర్, నలిగింది అంతటా పరుచుకోవాలంటే దాని తర్వాత పిన్నుల మిక్సరో పైనాపిల్ మిక్సరో ఉండాలి. ఒక్కటే రెండు పనులూ చేస్తుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మకు. కోసి చూసే ఈ పద్ధతి 1959లోనే ప్రచురించింది కూడా ఆ మిక్సర్ పేరులోని మ్యాడాకే.

నువ్వు కోసిన మొదటి ముక్కలు ఒక కవర్లో పెట్టి పంపు. కళ్లజోడు మార్చుకున్నాను, చారలు బాగానే కనిపిస్తాయి. స్టార్ట్ చేసినప్పుడు ఎక్కడ నిలబడ్డావో కూడా రాయి.

నీ మావయ్య