తుపానులో గల్లంతైన నాన్నకు మరణ ధ్రువపత్రం ఎలా?

ప్రశ్న: మాది కోనసీమలోని బలుసుతిప్ప. 1996 నవంబరు 6 తుపానుకు వేటకెళ్ళిన నాన్న తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. గల్లంతైనవారి జాబితాలో పేరుందని అమ్మకు అప్పట్లో సాయం ఇచ్చారు గానీ మరణ ధ్రువపత్రం లేదు. ఆయన కొన్న ఇంటి స్థలం ఇంకా ఆయన పేరునే ఉంది. అమ్మ, నేను, చెల్లి ఉన్నాం. తాతయ్య అంతకుముందే పోయారు, నాన్నమ్మ 2003లో పోయింది. బాబాయి తనకూ వాటా ఉందంటున్నాడు. ఏడేళ్ళు దాటాయి, సర్టిఫికెట్ ఇవ్వమంటే ఆఫీసులో కోర్టుకెళ్ళమన్నారు. ఏం చేయాలి?

జవాబు: ఏడేళ్ళు గడిచాయని సర్టిఫికెట్ దానంతట అదే రాదు. బతికుంటే ఎవరికి కబురు అందేదో ఆ దగ్గరివాళ్ళకే ఏడేళ్ళుగా ఏ కబురూ లేకపోతే, ‘ఆయన బతికే ఉన్నాడు’ అనేవాళ్ళే దాన్ని రుజువు చేయాలి. చట్టం ఇచ్చే వెసులుబాటు అంతవరకే. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 111వది. దాని ఆధారంగా, నాన్నగారు మరణించారని సివిల్ కోర్టు ప్రకటించే డిక్లరేషన్ తెచ్చుకోవాలి.

మీకు అసలు చిక్కు తేదీతో. ఈ నియమం మనిషి పోయాడని ఊహిస్తుంది తప్ప ఎప్పుడు పోయాడో చెప్పదు. తేదీని సాక్ష్యంతోనే నిరూపించాలని 2004లో ఎల్‌ఐసీ–అనురాధ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ స్థలంలో వాటాలు ఆ తేదీని బట్టే మారతాయి. నాన్నగారు 1996లో పోయారంటే, అప్పటికి ఉన్న నాన్నమ్మ కూడా మీ ముగ్గురితో సమానంగా వారసురాలు. నాలుగో వంతు ఆమెది. ఆమెకు ఇద్దరు కొడుకులే సంతానమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే అందులో సగం బాబాయికి, సగం మీకూ చెల్లికీ వస్తుంది. అంటే మొత్తం స్థలంలో బాబాయిది ఎనిమిదో వంతు.

తేదీ తేల్చకుండా వదిలేస్తే నాన్నమ్మ తర్వాతే నాన్నగారు పోయినట్టు లెక్కై, బాబాయికి వాటా రాదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. దయచేసి ఆ దారి పట్టకండి. మీ నాన్నగారు ఎప్పుడు పోయారో ఊరంతటికీ తెలుసు, కోర్టు బోనులో అమ్మ చేత మరో మాట చెప్పించకూడదు. బాబాయితో ఆ వాటా మేరకు రాజీ కుదిరితే దావా కూడా తేలికవుతుంది.

ఇక సాక్ష్యాలు. సాయం ఇచ్చినప్పటి కాగితం ఇంట్లో వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద కలెక్టరేట్‌లో, తహసీల్దార్ ఆఫీసులో ఆ జాబితా నకలు అడగండి. ప్రభుత్వమే ఆ కుటుంబానికి డబ్బిచ్చిందంటే అంతకన్నా గట్టి కాగితం మీకు దొరకదు. అమ్మకు వితంతు పింఛను వస్తుంటే ఆ రికార్డూ పనికొస్తుంది. పోలీసు ఫిర్యాదు లేనంత మాత్రాన కేసు పోదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు వేటలో ఉండి ఒడ్డుకు చేరినవాళ్ళు. నాన్నగారు ఏ బోటు ఎక్కారు, పక్కన ఎవరున్నారు, చివరిసారి ఎక్కడ కనిపించారు అని చెప్పగలిగేది వాళ్ళే. అప్పుడు పాతికేళ్ళ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటాయి, పెద్దవాళ్ళు కొందరు పోయే ఉంటారు. వాళ్ళను ఈ వారమే కలవండి.

ఆఫీసులో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి జవాబు కూడా రాతలోనే తీసుకోండి. దావాలో కలెక్టర్‌ను, పంచాయతీ కార్యదర్శిని, బాబాయిని ప్రతివాదులుగా చేర్చాలి. ప్రభుత్వం మీద దావా కాబట్టి ముందు రెండు నెలల నోటీసు తప్పదు. ‘1996 నవంబరు 6 తుపానులో మరణించారు’ అని ప్రకటించమని తేదీతో సహా ప్లెయింట్‌లో, అంటే దావా పత్రంలో, అడగాలి. లేకపోతే తేదీ లేని డిక్రీ (కోర్టు తీర్పు పత్రం) చేతికొచ్చి పేరు మార్పిడి దగ్గర మళ్ళీ ఆగిపోతారు.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమ్మను మొదటి వాదిగా పెట్టండి. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీకి ఆమె పేరుతో దరఖాస్తు ఇస్తే లాయర్‌ని వాళ్ళే ఏర్పాటు చేస్తారు.