హైఫై మ్యాగజైన్లు చదవాలా అంటే చదవండి, కానీ గ్రాఫుల పేజీ నుంచి మొదలుపెట్టండి

కావలి నుంచి ఒకాయన అడిగింది ఏందంటే, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (అరలో, స్టాండు మీద పెట్టే చిన్నవి), ఒక ఇంటిగ్రేటెడ్ ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ డబ్బా) కొన్నాను, ఇప్పుడు ఫారిన్ హైఫై మ్యాగజైన్లకి, అంటే మంచి సౌండ్ సామాన్ల మీద రాసే పత్రికలకి, చందా కడితే ఏమన్నా ఉపయోగం ఉంటదా, లేకపోతే యూట్యూబ్ చాలా అని. నేను నెల్లూరులో ఉంటా, చాలా ఏళ్ళుగా ఈ పత్రికలు చదువుతా ఉండా, కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కచ్చితంగా చదవండి. కాకపోతే ఏం కొనాలి అని చదివితే డబ్బులు పోతాయి, ఎట్టా వినాలి, కంపెనీ వాడు డబ్బా మీద రాయని విషయం ఎట్టా పట్టుకోవాలి అని చదివితే మాత్రం చాలా పనికొస్తాయి. యూట్యూబ్ లో స్పీకర్ టెస్ట్ అని పెడతారు గదా, వాళ్ళ స్పీకర్ ని వాళ్ళ మైకులో పట్టి మన స్పీకర్ లోనే మనకి వినిపిస్తారు, అందులో వాళ్ళ స్పీకర్ ఎట్టా ఉందో తెలిసే దారే లేదు. రాసిన మాట, గీసిన గ్రాఫ్ ఎంతో నయం.

నేను ఈ లైన్ లోకి వచ్చిన రోజుల్లో ఒక మంచి స్పీకర్ వినాలంటే మద్రాసు పోవాల్సిందే. రిచీ స్ట్రీట్ లో కావాల్సిన పార్ట్స్ కొనుక్కోని, తిరిగొచ్చేటప్పుడు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ పాత పుస్తకాల షాపులకి పోయేవాణ్ణి (అసలు మార్కెట్ 1985 లో తగలబడిపోయింది, తర్వాత షాపులు పక్కనే పెట్టారు). ఆడ పాత స్టీరియోఫైల్, వాట్ హైఫై, హైఫై న్యూస్ కట్టలు కట్టలుగా దొరికేవి, రైల్లో గూడూరు వచ్చేలోపు ఒకటి అయిపోయేది. వాటిలో చెప్పిన మోడల్స్ అప్పటికే షాపుల్లో లేవు. అదే మంచిదైంది నాకు, కొనాలన్న ఆత్రం లేకుండా చదివాను కాబట్టి రివ్యూ అంటే ఏంది, మనిషి చెవితో విన్నదాన్ని మాటల్లో ఎట్టా పెడతాడు అనేది బుర్రకెక్కింది. అందుకే ఇప్పుడు కూడా ఎవరడిగినా పాత సంచికలే ముందు చదవమంటా.

ఈ పత్రికల చరిత్ర కొంచెం తెలిస్తే చదవడం సులువవుతది. 1950 ల్లో, 60 ల మొదట్లో అమెరికాలో ఆడియో పత్రికలు ఎక్కువగా మీటర్ పెట్టి కొలిచి లెక్కలు వేసేవి, లెక్క బాగుంటే సామాను బాగున్నట్టే అనే ధోరణి. హై ఫిడెలిటీ అనే పత్రికలో పనిచేసిన జె. గోర్డన్ హోల్ట్ అది నచ్చక బయటికొచ్చి 1962 లో స్టీరియోఫైల్ పెట్టాడు, ముందు విను, విన్నది రాయి అని. 1973 లో హ్యారీ పియర్సన్ ది అబ్సల్యూట్ సౌండ్ మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది ఏందంటే, మైకు లేకుండా నిజమైన చోట వాయించే సంగీతం ఎట్టా ఉంటదో అదే కొలబద్ద, మిషన్ దానికి ఎంత దగ్గరికి వస్తే అంత మంచిది అని. 1986 లో స్టీరియోఫైల్ కి జాన్ అట్కిన్సన్ ఎడిటర్ గా వచ్చాడు, ఆ తర్వాత విన్న రివ్యూ పక్కనే కొలతల పేజీ కూడా వేయడం మొదలైంది. నాకు ఈ పద్ధతి ప్రాణం. వినే ఆయన తన మాట రాసి ఇచ్చేదాకా కొలతలు చూడడు, కాబట్టి ఒకే సామాను మీద రెండు వేరువేరు సాక్ష్యాలు మన చేతిలో ఉంటాయి, ఒక్కోసారి రెండూ పొత్తు కుదరవు, అప్పుడే మనం నేర్చుకునేది ఎక్కువ.

ఆ కొలతల పేజీలో మొదట చూడాల్సింది ఇంపిడెన్స్ గీత, అంటే శబ్దం స్థాయి మారేకొద్దీ స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డు పడతదో ఓమ్స్ లో చూపేది. ఓమ్స్ ఎంత తగ్గితే ఆంప్ అంత ఎక్కువ కరెంటు ఇవ్వాలి. కొన్ని స్పీకర్ల వెనకాల 8 ఓమ్స్ అని రాసుంటది, గీత చూస్తే 100 నుంచి 200 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) మధ్యలో యాడో 4 కంటే కిందికి దిగిపోయి ఉంటది, మన పాటల్లో మగ గొంతు అడుగు భాగం, మృదంగం తొప్పి (ఎడమ) వైపు నాదం ఉండేది ఆ చుట్టుపక్కలే. అంటే పాట మొత్తం ఆంప్ కి బరువే. లండన్ లో చల్లటి గదిలో ఆ ఆంప్ కి ఏం కాదు, మే నెలలో నెల్లూరులో మధ్యాహ్నం పూట వోల్టేజ్ ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు చిన్న ఆంప్ మీద చెయ్యి పెట్టలేరు. తర్వాత సెన్సిటివిటీ, అంటే ఒకే పవర్ ఇస్తే స్పీకర్ ఎంత గట్టిగా మోగుద్దో డెసిబెల్స్ లో చెప్పేది. 86 డెసిబెల్స్ స్పీకర్ కి, 89 డెసిబెల్స్ స్పీకర్ కి చూడ్డానికి మూడే తేడా, కానీ 3 డెసిబెల్స్ అంటే పవర్ రెట్టింపు. 89 దానికి 25 వాట్లతో వచ్చే శబ్దం 86 దానితో రావాలంటే 50 వాట్లు కావాలి, 10 డెసిబెల్స్ తేడా అయితే పదింతలు. ఈ ఒక్క లెక్క తెలిస్తే షాపువాడు 200 వాట్లు సార్ అన్నా కంగారు పడరు.

ఇక ఆ పత్రికలు మనల్ని దారి తప్పించేది యాడంటే, గది దగ్గర. వాళ్ళ ఇళ్ళు చాలా చోట్ల చెక్క ఫ్రేము మీద జిప్సం బోర్డు గోడలు, కింద కార్పెట్. మనది ఇటుక గోడ, పైన ఆర్‌సీసీ స్లాబు, కింద టైల్స్ లేకపోతే గ్రానైట్. బోర్డు గోడ కొద్దిగా వణికి బేస్ ని (అడుగు శబ్దాన్ని) కొంత మింగేస్తది, ఇటుక గోడ దాదాపు మింగదు, చాలావరకు వెనక్కి కొడతది. మన సగటు బెడ్రూమ్ 12 అడుగులకి 12 అడుగులు అనుకోండి, ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు కాబట్టి ఆ పొడవుకి దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతది, పొడవు వెడల్పు సమానం కాబట్టి రెండు వైపులా అదే చోట కలిసి బుం బుం అంటది. నా గది అట్టాంటిదే. నేను కొన్న చిన్న స్పీకర్ గురించి ఇంగ్లీషు రివ్యూలో బేస్ పల్చన అని రాశారు, కానీ గ్రాఫ్ లో అది 60 హెర్ట్జ్ కింద మెల్లగా తగ్గుతా పోయేది చూసి ఇది మన ఇటుక గదికే సరిపోద్ది అనుకోని తెచ్చుకున్నా, గది తన వంతు కలిపేసరికి సరిగ్గా కుదిరింది. అదే పత్రికలో అయిదు స్టార్లు కొట్టిన పెద్ద ఫ్లోర్‌స్టాండర్ (నేల మీద నిలబెట్టే పొడుగు స్పీకర్) ఈ గదిలో పెట్టుంటే పాట వినపడేది కాదు, గది వినపడేది.

కాబట్టి స్టార్లు వదిలేయండి. పైగా వాళ్ళు ఇచ్చే స్టార్లలో ధర కూడా కలిసి ఉంటది, ఆ ధర వాళ్ళ దేశంలో ధర, కస్టమ్స్, డీలర్ మార్జిన్ అన్నీ కలిసి ఇక్కడికి వచ్చేసరికి ఆ లెక్క మారిపోద్ది. ఆ డబ్బుకి కలకత్తా సోనోడైన్ లాంటి మన కంపెనీ సరుకు కూడా పక్కన పెట్టుకోని చూడాలి. పత్రిక నడిచేది ప్రకటనల మీద, అందుకని బాగాలేదు అని పచ్చిగా రాయడం తక్కువ, కానీ అనుభవం ఉన్న రివ్యూయర్ మధ్యలో ఒక వాక్యం వదుల్తాడు, సౌండ్ పెంచితే కొంచెం ఉత్సాహం ఎక్కువ అనో, రికార్డింగ్ మంచిదైతేనే అనో. అదే అసలు తీర్పు, అది పట్టుకోండి.

కేబుల్ రివ్యూలు మాత్రం నేను పేజీ తిప్పేస్తా. స్పీకర్ కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, కరెంటు సామాన్ల షాపులో దొరికేది, 5 మీటర్లు వేసుకుంటే రానుపోను మొత్తం నిరోధం 0.08 ఓమ్ కూడా ఉండదు, 8 ఓమ్స్ స్పీకర్ ముందు అది ఒక శాతం కూడా కాదు. వేలకి వేలు పోసే బదులు ఆ డబ్బు గదికి పెట్టండి, గోడకి మందపాటి బొంతలు, పుస్తకాల బీరువా, స్పీకర్లని వెనక గోడ నుంచి రెండు అడుగులు ముందుకి జరపడం, ఇవి చేస్తే తేడా ఇంట్లో వాళ్ళకి కూడా తెలుస్తది. పల్చటి కర్టెన్లు మాత్రం చాలవు, అవి ట్రెబుల్ ని (పై శబ్దాన్ని) తగ్గిస్తాయి గానీ బేస్ ని ముట్టుకోవు. టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) ఉన్నవాళ్ళు వేలు పోసి ప్లాట్‌ఫారమ్ కొనొద్దు, ఒంగోలు వైపు వాళ్ళకైతే చీమకుర్తి గ్రానైట్ కోతలో మిగిలిన పలక దొరుకుద్ది, కింద నాలుగు మూలలా మెత్తటి రబ్బరు పెట్టుకోండి, రబ్బరు లేకపోతే రాయి మోగుతది.

ఇంకొకటి, ఇది పత్రికల వల్లే నాకు బాగా అర్థమైంది. రెండు ఆంపులు పోల్చేటప్పుడు సౌండ్ లెవెల్ సమానంగా లేకపోతే ఆ పోలిక చెల్లదు, అర డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగున్నట్టు అనిపిస్తది మనిషి చెవికి. చెన్నైలో ఒక షోరూమ్ లో నాకు రెండు ఆంపులు మార్చి మార్చి వినిపించారు, ఖరీదైనది వచ్చినప్పుడల్లా సౌండ్ కొంచెం పెరుగుతా ఉంది, సమానం చేయమని అడిగి మళ్ళీ వింటే తేడా దాదాపు పోయింది. ఇంట్లో అయితే ఒక టెస్ట్ టోన్ పెట్టి, మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్ లో స్పీకర్ టెర్మినల్స్ దగ్గర రెండిట్లో ఒకే రీడింగ్ వచ్చేట్టు పెట్టుకోని వినండి, వోల్టేజ్ లో 12 శాతం తేడా అంటే ఒక డెసిబెల్.

ఇక పియర్సన్ చెప్పిన ఆ కొలబద్ద. వాళ్ళ రివ్యూల్లో ఎక్కువగా పియానో, పాశ్చాత్య వయోలిన్, జాజ్ ఉంటాయి, మనలో చాలామందికి వాటి అసలు శబ్దం దగ్గరగా తెలియదు. ఎస్పీ బాలు గారు మన నెల్లూరు మనిషి, ఆయన గొంతు మనకి ఎంత ప్రాణమైనా మనం విన్నది రికార్డింగ్ లోనే గదా, అసలు గొంతుకి మిషన్ ఎంత కలిపిందో ఎంత తీసేసిందో చెప్పలేం. మన దగ్గర మైకు లేకుండా వినే సంగీతం నెల్లూరు రంగనాయకుల గుడిలో నాదస్వరం, డోలు. అయిదారు అడుగుల దూరంలో నిలబడి వినండి, నాదస్వరం ఎంత గట్టిగా ఉన్నా చెవిని కోయదు, డోలు మీద కర్ర దెబ్బ ఎంత చురుగ్గా పడి ఎంత తొందరగా ఆగిపోద్దో గమనించండి. తర్వాత ఇంటికొచ్చి మంచి నాదస్వరం రికార్డింగ్ పెట్టండి. గరుకుగా గుచ్చుకుంటే మీ ట్రెబుల్ లో, లేకపోతే గది గోడల్లో తప్పుంది, డోలు సాగుతా ఉంటే బేస్ లో తప్పుంది. అప్పుడు ఆ పత్రికల్లో గ్రెయిన్ (గరుకుతనం) అని, ట్రాన్సియెంట్ (దెబ్బ పడ్డ ఆ క్షణపు శబ్దం) అని రాసే మాటలు మీ చెవిలో ఉన్న శబ్దాలకి అతుక్కుంటాయి.

చందా సంగతి అడిగారు గాబట్టి, ప్రింటు తెప్పించుకోవద్దు, పోస్టేజీ మోతగా ఉంటది. స్టీరియోఫైల్ పాత రివ్యూలు చాలావరకు కొలతలతో సహా నెట్ లో ఫ్రీగానే ఉన్నాయి, ముందు అవి చదవండి. రిపేరు, సర్క్యూట్ల వైపు ఆసక్తి ఉంటే 1969 నుంచి వస్తున్న మన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పాత సంచికలు వెతకండి. ఈ వారం మీ స్పీకర్ మోడల్ కి ఇంపిడెన్స్ గీత దొరుకుద్దేమో చూడండి. 4 ఓమ్స్ కిందికి దిగుతుంటే మీ ఆంప్ వెనకాల 4 ఓమ్స్ కి పనికొస్తది అని రాసుందో లేదో చూసుకోండి, రాసి లేకపోతే ఎండాకాలం వాల్యూమ్ సగం దాటించకండి, ఆంప్ పైన ఒక జానెడు ఖాళీ వదలండి.