24 నానోమీటర్లా, 200 నానోమీటర్లా?

ప్రశ్న: జింక్ నైట్రేట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలిపి, వచ్చిన తెల్లని అవక్షేపాన్ని కడిగి, ఆరబెట్టి, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు కాల్చి జింక్ ఆక్సైడ్ పొడి చేశాను. ఎక్స్‌రే వివర్తనంలో 36.3 డిగ్రీల దగ్గరి శిఖరం వెడల్పు 0.35 డిగ్రీలు, శిఖరం వెడల్పు నుంచి పరిమాణం కట్టే షెరర్ సమీకరణంతో 23.89 నానోమీటర్లు వచ్చింది. సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రంలో మాత్రం 200 నానోమీటర్ల ముద్దలు కనబడుతున్నాయి. నివేదికలో ఏది రాయాలి?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, తాంబరం, చెన్నై

జవాబు: రెండూ రాయండి, అయితే రెంటికీ ఒకే పేరు పెట్టకండి. షెరర్ 1918లో ఇచ్చిన సమీకరణం కొలిచేది స్ఫటిక పరిమాణాన్ని, అంటే పరమాణువుల వరుస ఎక్కడా తెగకుండా సాగిన మేరను. సెమ్ చూపేది ఆ స్ఫటికాలు అతుక్కొని కట్టిన ఉండల పైరూపాన్ని. బొరుగుల ఉండను చూసి ఒక్కో బొరుగూ అంత ఉంటుందని ఎవరూ అనుకోరు కదా.

మీ అంకగణితం తప్పలేదు. వెడల్పును రేడియన్లలోకి మార్చడం మరిచేవారికి 0.4 నానోమీటర్లు వస్తుంది. జింక్ ఆక్సైడ్ యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతిచిన్న గడి) నిలువు కొలతే 0.52 నానోమీటర్లు! మీ లోపమల్లా ఆ వెడల్పులో యంత్రం వాటాను తీసివేయకపోవడం. సిలికాన్ వంటి ప్రామాణిక నమూనాను అదే యంత్రంలో, అవే అమరికలతో తీయిస్తే అది తెలుస్తుంది. ఆ వాటా 0.12 డిగ్రీలనుకుంటే, వర్గాలు తీసివేసి మూలం కట్టినప్పుడు పరిమాణం 25 దాటుతుంది, నేరుగా తీసివేస్తే 36 అవుతుంది. పద్ధతిని బట్టే ఇంత తేడా వస్తున్నప్పుడు రెండు దశాంశాలు వేయడం నాకు అతిశయంగానే తోస్తుంది.

ఉండలు తగ్గాలంటే అవక్షేపాన్ని చివరి రెండుసార్లు ఇథనాల్‌తో కడగండి, ఎందుకంటే ఆరుతున్న నీరు తన తలతన్యతతో కణాలను దగ్గరికి లాగుతుంది. సెమ్‌కు పొడిని నేరుగా చల్లకుండా, చిటికెడు పొడిని ఇథనాల్‌లో వేసి, అల్ట్రాసోనిక్ తొట్టిలో పావుగంట ఉంచి, ఒక చుక్కను సిలికాన్ పలకపై ఆరనివ్వండి. అప్పటికీ ముద్దలే ఉంటే అవి కాల్చినప్పుడు అతికినవి కావచ్చు. ఉష్ణోగ్రత తగ్గించి చూడాలి. మీ ఊరి సముద్రపు తేమకు పొడిని డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని పాత్రలో) దాచడం మేలు, లేకుంటే ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 3400 సెం.మీ.⁻¹ దగ్గర నీటి పట్టీ తలెత్తుతుంది.

ప్రశ్న: సాలిసిలాల్డిహైడ్, అనిలిన్‌లతో చేసిన షిఫ్ క్షారపు (కార్బన్–నైట్రోజన్ ద్విబంధం గల సమ్మేళనపు) రాగి(II) సంక్లిష్టానికి ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాద) వర్ణపటంలో చదవదగిన శిఖరాలే రాలేదు. సంక్లిష్టం ఏర్పడలేదంటారా?
– పరిశోధక విద్యార్థి, గిండీ, చెన్నై

జవాబు: అలా అనలేం. రాగి(II)లోని తొమ్మిది డి-ఎలక్ట్రాన్లలో ఒకటి జతలేనిది; దాని అయస్కాంత ప్రభావానికి శిఖరాలు వెడల్పై కనుమరుగవుతాయి. మిగిలిపోయిన రాగి లవణం కూడా ఇదే చేయగలదు కనుక దీన్ని రుజువుగానూ తీసుకోకండి. అయస్కాంత భ్రామకం 1.73 బోర్ మాగ్నెటాన్లకు కాస్త పైన వచ్చిందా, ఐఆర్‌లో 1620 సెం.మీ.⁻¹ ప్రాంతపు కార్బన్–నైట్రోజన్ ద్విబంధపు పట్టీ కిందికి జరిగిందా చూడండి. ఎన్ఎంఆరే కావాలంటే అదే లైగాండ్‌తో (లోహానికి అతికే అణువుతో, ఇక్కడ ఆ షిఫ్ క్షారంతో) జింక్ సంక్లిష్టం చేయండి. జింక్(II)లో ఎలక్ట్రాన్లన్నీ జతకట్టి ఉంటాయి.